జేసీ-1 రీడింగులు కుదరడం లేదు, పరిశోధన మానేయాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టులో జేసీ-1 అనే రంగు పదార్థం (డై)తో మైటోకాండ్రియా పొర పొటెన్షియల్, అంటే పొరకు అటూ ఇటూ ఉండే వోల్టేజీ తేడా కొలుస్తున్నాను. ఒక రోజు కణాలన్నీ ఎర్రగా, ఇంకో రోజు అవే కణాలు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. ఆరు వారాలు పోయాయి, చాలా టెన్షన్‌గా ఉంది. నాకు ల్యాబ్ పని చేతకాదేమో, పీహెచ్‌డీ ఆలోచన వదిలేసి బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్లిపోనా?

జవాబు: ఈ కారణంతో మాత్రం వెళ్లకండి. మీ ప్రశ్నలో ఎక్కడా కంట్రోల్ (ఫలితం ఎలా రావాలో ముందే తెలిసిన, పోల్చి చూసుకునే ప్లేటు) మాట లేదు, అసలు ఇబ్బంది అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

మీరు వోల్టేజీని నేరుగా కొలవడం లేదు కదా. మైటోకాండ్రియా లోపలి పొరకు అటూ ఇటూ దాదాపు 150 నుంచి 180 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది, లోపలి వైపు నెగెటివ్, కాబట్టి పాజిటివ్ చార్జి ఉన్న డై అక్కడికి చేరుతుంది, ఎంత చేరిందో చూసి మనం పొటెన్షియల్‌ని అంచనా వేస్తున్నాం. జేసీ-1 ఎక్కువ చేరితే అణువులు గుంపులుగా కూడి ఎరుపు, తక్కువైతే విడివిడిగా ఉండి ఆకుపచ్చ. కానీ ఆ గుంపులు కట్టడం డై గాఢత మీద, ఎంతసేపు ఉంచారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది, పైగా ఇది నీళ్లలో సరిగ్గా కరగదు, కణాలు పెరిగే ద్రవంలో (మీడియాలో) రేణువులుగా మిగిలిపోతుంది. కణాల సంఖ్య మారినా ఒక్కో కణానికి అందే డై మారుతుంది. రోజుకో రంగు రావడానికి ఇవి చాలు, అది మీ చేతకానితనం కాదు.

ప్రతి రోజూ ఒక ప్లేటుకి ఎఫ్‌సీసీపీ అనే రసాయనం వేయండి. అది ప్రోటాన్లను పొర దాటించి పొటెన్షియల్‌ని పడగొడుతుంది, అప్పుడూ ఎరుపు తగ్గకపోతే ఆ రోజు రీడింగులు పక్కన పెట్టేయాలి. ఇంకో ప్లేటుకి ఏటీపీ తయారీని ఆపే ఒలిగోమైసిన్ వేస్తే పొటెన్షియల్ మామూలుగా కొంచెం పెరగాలి. వీలైతే టీఎంఆర్ఎం అనే ఇంకో డై కూడా ప్రయత్నించండి, నాకైతే అదే నచ్చుతుంది, కాకపోతే గాఢత చాలా తక్కువగా, 20 నానోమోలార్ దగ్గర ఉంచండి. ఎక్కువ పోస్తే మైటోకాండ్రియాలో కిక్కిరిసిన డై తన వెలుగును తనే ఆర్పేసుకుంటుంది, పొటెన్షియల్ పడినప్పుడు వెలుగు పెరుగుతుంది, మీరు ఫలితాన్ని తలకిందులుగా చదువుతారు. ఇంకొకటి, కణం బయటి పొర పొటెన్షియల్ మారినా డై తగ్గుతుంది, దాన్ని మైటోకాండ్రియా ఖాతాలో వేయకండి.

కెరీర్ సంగతి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "జేసీ-1 వచ్చు" అంటే ఎవరూ తల తిప్పి చూడరు, "రీడింగులు ఎందుకు మారాయో ఇలా కనిపెట్టాను" అంటే అరగంట మాట్లాడతారు. మందులు మైటోకాండ్రియాకి హాని చేస్తాయేమో చూసే టాక్సికాలజీ ల్యాబుల్లోనూ ఇదే పని, అక్కడ కంట్రోల్ లేని డేటాకి విలువ లేదు. బయోఇన్ఫర్మాటిక్స్ మీకు నిజంగా ఇష్టమైతే వెళ్లండి, మంచి దారే, కానీ ఓడిపోయానన్న బాధతో వెళ్లొద్దు.

రేపు మీ గైడ్‌ని ఎఫ్‌సీసీపీ అడగండి. ఒకే రోజు, ఒకే సంఖ్యలో కణాలతో, మూడు ప్లేట్లు: మామూలుది, ఎఫ్‌సీసీపీది, ఒలిగోమైసిన్‌ది. మూడు సార్లు చేశాక వచ్చిన రీడింగులతో మళ్లీ రాయండి, పీహెచ్‌డీ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.