భూమి అంత వేగంగా తిరుగుతుంటే మనం ఎందుకు ఎగిరిపోవడం లేదు?

ఈ ప్రశ్న చూడగానే నా మోకాలి మీది మచ్చ గుర్తొచ్చింది. పదేళ్ల వయసులో, ఆటస్థలంలో పిల్లలంతా కలిసి చేత్తో తిప్పే ఇనుప చక్రం మీద కూర్చున్నాను. కడ్డీ మీద పట్టు జారింది, ఇసుకలో పడ్డాను. ఆ ఏడాదే భూమి తన చుట్టూ తాను తిరుగుతుందనీ, భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు సుమారు 1,670 కిలోమీటర్లనీ పాఠంలో చదివాను. అంత చిన్న చక్రమే నన్ను విసిరేస్తే, ఇంత వేగంతో తిరిగే భూమి ఎందుకు విసిరేయడం లేదు? మీరు అడిగిందీ ఇదే, ఆ వేగం మనకు ఎందుకు తెలియడం లేదన్న మాటతో కలిపి.

గురుత్వాకర్షణ పట్టి ఉంచుతోందని అప్పట్లో ఒక్క మాటలో చెప్పారు. అది నిజమే, కానీ నాకు తృప్తి కలగలేదు. ఆ జవాబు వింటే భూమి మనల్ని మహా బలంగా బయటికి నెడుతున్నట్టూ, గురుత్వాకర్షణ ఎలాగో అడ్డుపడి ఆపుతున్నట్టూ అనిపిస్తుంది. అసలు ఆ నెట్టుడు ఎంత? కళాశాలలో చేరాక ఒకరోజు కాగితం తీసుకుని లెక్క వేశాను.

ఆ చక్రం మధ్య నుంచి అంచుకు ఒకటిన్నర మీటర్లు, మూడు సెకన్లకు ఒక చుట్టు అనుకోండి. అంచున కూర్చున్నవాడి వేగం సెకనుకు 3.14 మీటర్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. తీరిగ్గా సైకిల్ తొక్కినా అంత వేగం వస్తుంది. ఆ వేగాన్ని అదే వేగంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే త్వరణం, అంటే వేగమో దిశో ఎంత త్వరగా మారుతోందన్న కొలత, వస్తుంది: 6.6. గురుత్వ త్వరణం 9.8 కాబట్టి, నా బరువులో మూడింట రెండు వంతుల బలంతో చక్రం నన్ను పక్కకు లాగిందన్నమాట. అంత బలాన్ని పదేళ్ల పిల్లవాడి వేళ్లు ఆపాలి.

ఇప్పుడు భూమికి అదే లెక్క. వేగం సెకనుకు 465 మీటర్లు, కానీ వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు. భాగిస్తే వచ్చేది 0.034. మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాను. గంటకు 11 కిలోమీటర్లతో తిరిగే ఆటచక్రం, 1,670 కిలోమీటర్లతో తిరిగే భూమి కంటే దాదాపు 200 రెట్లు గట్టిగా విసురుతోంది!

చిక్కంతా వేగం అన్న మాటతోనే. మనల్ని బయటికి తోసేది ఒట్టి వేగం కాదు, దిశ ఎంత త్వరత్వరగా మారుతోందన్నది. ఆటచక్రం మూడు సెకన్లలో మన ముఖాన్ని నాలుగు దిక్కులకూ తిప్పేస్తుంది. భూమి అదే పనికి ఒక రోజంతా తీసుకుంటుంది. గోడ గడియారంలో గంటల ముల్లు కదలడం మనకు కంటితో కనిపించదు కదా, భూమి తిరగడం అందులో సగం వేగమే. ముల్లు 12 గంటలకు ఒక చుట్టు తిరిగితే, భూమి 24 గంటలకు ఒక చుట్టు.

అలాగని ఆ 0.034 పూర్తిగా సున్నా కాదు. భూమధ్యరేఖ దగ్గర 60 కిలోల మనిషి బరువును అది సుమారు 200 గ్రాములు తగ్గిస్తుంది, ఒక గ్లాసు నీళ్లంత. ధ్రువాల దగ్గర ఆ తగ్గుదల ఉండదు. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త పారిస్‌లో సరిచేసిన లోలక గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు తీసుకెళ్తే, అది రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గురుత్వం తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది, అక్కడ గురుత్వం కాస్త తక్కువ. కారణంలో కొంత ఈ భ్రమణం. మిగతాది భూమి నడుము దగ్గర ఉబ్బి ఉండడం. ధ్రువాల కంటే భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బుకు కారణమూ భ్రమణమే. ఒక మనిషి గడియారం ఆలస్యాన్ని కొట్టిపారేయకుండా రాసిపెట్టుకోవడం వల్ల భూమి ఆకారం గురించి ఇంత తెలిసిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

భూమి నిజంగా మనల్ని వదిలేయాలంటే ఇప్పటికి 17 రెట్లు వేగంగా తిరగాలి. అప్పుడు రోజు 84 నిమిషాలే ఉంటుంది. అప్పుడైనా భూమధ్యరేఖ మీద ఉన్నవాళ్లు విసిరేసినట్టు పోరు, బరువు లేక తేలతారు.

ఇక తెలియకపోవడం సంగతి. ఒకసారి రాత్రి రైల్లో పై బెర్తు మీద మెలకువ వచ్చింది. చీకటి, కిటికీ మూసి ఉంది. బండి తలవైపు వెళ్తోందో కాళ్లవైపు వెళ్తోందో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. బ్రేకు పడ్డాక గానీ తెలియలేదు. శరీరానికి తెలిసేది వేగంలో వచ్చే మార్పే. మన చెవి లోపలి అర్ధవృత్తాకార కుల్యల్లోని ద్రవం కూడా తిరగడం మొదలైనప్పుడు, ఆగినప్పుడు కబురు పంపుతుంది. ఒకే తీరుగా తిరుగుతూ ఉంటే కాసేపటికి ఊరుకుంటుంది. తిరిగే కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని, స్నేహితుణ్ణి నెమ్మదిగా ఒకే వేగంతో తిప్పమని చెప్పి చూశాను. కొద్దిసేపటికి కుర్చీ ఆగిపోయిందనుకున్నాను. అతను నిజంగా ఆపగానే వెనక్కి తిరుగుతున్నట్టనిపించింది.

గాలి, సముద్రం, మనం అంతా భూమితో పాటే పోతున్నాం. అందుకే పైకి ఎగిరితే ఉన్నచోటే దిగుతాం. ఎగిరిన అర సెకనులో మనలోని ఆ వేగం పోయేదయితే నేల మన కింద నుంచి 230 మీటర్లు జరిగిపోయేది. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపించినట్లే, కదలని నక్షత్రాలు పడమరకు పోతున్నట్టు కనిపిస్తాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే చెప్పాడు.

చెవికి అందకపోయినా కంటికి మాత్రం ఈ కదలిక అందుతుంది. మోటారు లేని మామూలు టెలిస్కోప్‌ను చంద్రుడి మీద నిలిపి చేతులు తీసేయండి. మొదటిసారి నేను అలా చూసినప్పుడు స్టాండు జారిపోతోందనుకుని మరలు బిగించాను. స్టాండు గట్టిగానే ఉంది. చంద్రుడి అంచు మాత్రం మెల్లగా అద్దం చివరికి జరుగుతూనే ఉంది, రెండు నిమిషాలకు తన వెడల్పంత దూరం. కదులుతున్నది నేనూ, నా కాళ్ల కింది నేలా అని తెలిసి ఆ రాత్రి చాలాసేపు కన్ను తీయలేదు.