దుబాయ్ ఆర్డర్ ఒప్పుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

దుబాయ్ ట్రేడర్ ఒకాయన 3,000 లీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టర్లు (లోపల గాజు పూత ఉండే, రసాయనాలు కలిపే పెద్ద పాత్రలు) అడిగాడని అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. పాశమైలారం, జీడిమెట్ల బల్క్ డ్రగ్ (మందుల ముడి సరుకు) ఫ్యాక్టరీల్లో ఎక్కడ చూసినా కనిపించేవే కదా, ఇందులో ఏముంది అనుకుంటావు. కానీ మందులు తయారయ్యే రియాక్టర్‌లోనే విషవాయువులూ తయారు చేయొచ్చు. అందుకే 100 లీటర్లు దాటి, 20,000 లీటర్ల లోపు ఉండే ఇలాంటి రియాక్టర్లు స్కోమెట్ జాబితాలో ఉన్నాయి. మామూలు పనికీ, ఆయుధాలకీ కూడా పనికొచ్చే సరుకుల ఎగుమతి మీద మన ప్రభుత్వం పెట్టిన నియంత్రణ జాబితా అది. విదేశీ వాణిజ్యాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీఎఫ్‌టీ అనుమతి లేనిదే అవి దేశం దాటకూడదు.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. దాన్ని ఢిల్లీలో వేర్వేరు శాఖల అధికారులున్న కమిటీ పరిశీలిస్తుంది. వాళ్లు గుచ్చిగుచ్చి అడిగేది ఒకటే: చివరికి దీన్ని వాడేదెవరు? ట్రేడర్ సంతకం ఒక్కటే సరిపోదు. మధ్యలో ఉన్నవాళ్లు, చివరికి రియాక్టర్ బిగించుకునే ఫ్యాక్టరీ, అందరూ ఎండ్ యూజర్ సర్టిఫికెట్ (సరుకు ఎవరు, దేనికి వాడతారో చెప్పే హామీ పత్రం) ఇవ్వాలి. ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పడానికి ట్రేడర్ నసిగితే ఆర్డర్ ఎంత పెద్దదైనా వదులుకో. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను.

జాబితాలో లేని సరుకు విషయంలోనూ జాగ్రత్త. మామూలు పంపుసెట్టే అయినా, రసాయన ఆయుధాలకు వాడతారని తెలిసి పంపితే 2005 నాటి సామూహిక విధ్వంస ఆయుధాల చట్టం కింద నేరం.

ఐక్యరాజ్యసమితి ఆంక్షలను మన ప్రభుత్వం 1947 నాటి చట్టం కింద అమలు చేస్తుంది. ఉత్తర కొరియా లాంటి దేశాలకు ఏవి పంపకూడదో విదేశీ వాణిజ్య విధానంలోనే రాసి ఉంటుంది. అమెరికా సొంతంగా పెట్టే ఆంక్షలు మన చట్టం కాదు. అయినా డబ్బు డాలర్లలో రావాలి కాబట్టి బ్యాంకు అమెరికా ఆంక్షల జాబితాలోని పేర్లు కూడా చూస్తుంది. 2024 అక్టోబరు 30న అమెరికా ప్రకటించిన జాబితాలో మన దేశపు కంపెనీలు కూడా ఉన్నాయి. ఆ జాబితాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొనే కంపెనీ పేరుతో ఆగకుండా దాని యజమానుల పేర్లు కూడా వెతుకు. వెతికిన తేదీ వేసి ప్రింట్ ఫైల్లో పెట్టు.

డీజీఎఫ్‌టీ అంటే భయపడకమ్మా. స్కోమెట్ మీద వాళ్ల హ్యాండ్‌బుక్ ఉంది, పరిశ్రమ సంఘాలతో కలిసి సదస్సులూ పెడతారు. ముందుగా వచ్చి అడిగేవాళ్లకి ఓపిగ్గా చెబుతారు. కంటైనర్ పోర్టులో ఆగిపోయాక పరిగెత్తితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

అనుమతికి నెలలు పట్టొచ్చు. అది వచ్చాకే డెలివరీ గడువు మొదలవుతుందని కాంట్రాక్టులో రాయించు. అడ్వాన్స్ తీసుకునే తొందర వద్దు.

ఈ వారంలోనే ట్రేడర్‌కి మెయిల్ పెట్టి ఫ్యాక్టరీ పేరు, చిరునామా, అక్కడ తయారయ్యే మందు వివరాలు అడుగు. జవాబు రాగానే రియాక్టర్ డ్రాయింగుతో సహా నాకు పంపు. అప్లికేషన్ ఇద్దరం కలిసి నింపుదాం.

మావయ్య