జీడిపప్పు వ్యాపారానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలంటే

చిరంజీవి మేనకోడలికి, విజయనగరం నుంచి మావయ్య దీవెనలు.

పలాసలో నీ జీడి వ్యాపారం లెక్కలు రాయడానికి టాలీ సాఫ్ట్‌వేర్ కొనాలా, ఫోన్‌లో ఏదో ఒక యాప్ సరిపోతుందా అని అడిగావు. ధర చూసో, పక్కవాళ్లు ఏం వాడుతున్నారో చూసో తేల్చుకోకమ్మా. పోయిన వారం పిక్కలు కొన్న చీటీలు, పప్పు అమ్మిన బిల్లులు, కూలి లెక్కలు ఒకచోట పెట్టు. సాఫ్ట్‌వేర్ చూపించడానికి ఎవరొచ్చినా అవే ఎక్కించి చూపించమను. వాళ్లు తెచ్చుకున్న నమూనా లెక్కల్లో ఏదైనా చక్కగానే నడుస్తుంది.

నీ వ్యాపారంలో మెలికంతా కొనుగోలు దగ్గరే ఉంది. రైతు జీఎస్టీ బిల్లు ఇవ్వడు. పొట్టు తీయని జీడిపిక్కలు రైతు దగ్గర కొంటే, రిజిస్టరైన వ్యాపారే రివర్స్ చార్జ్ కింద, అంటే అమ్మినవాడి బదులు కొన్నవాడే కట్టే పద్ధతిలో, 5 శాతం పన్ను కట్టాలి, బిల్లు కూడా తానే రాసుకోవాలి. ఆ పన్ను నగదుగానే కట్టాలి. మామూలు జీఎస్టీ పద్ధతి, అంటే రెగ్యులర్ స్కీములో ఉంటే దాన్ని మళ్లీ ఇన్‌పుట్‌గా, అంటే అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. కాబట్టి రైతు పేరున ఒక కొనుగోలు ఎక్కించి, పన్ను నువ్వు కట్టాల్సిన వైపు పడిందా, ఇన్‌పుట్‌లోనూ కనబడుతోందా చూడు. అది చేయలేని యాప్‌ను ఎంత చవకైనా పక్కన పెట్టెయ్.

తర్వాత నిల్వ లెక్క. పిక్కలు 80 కిలోల బస్తాల్లో వస్తాయి, పప్పు కిలోల్లో పోతుంది. గుండు, బద్ద, ముక్క వేరవుతాయి. గుండులో మళ్లీ సైజును బట్టి 180, 210, 240, 320 అని గ్రేడులు. ఒక బస్తా కొట్టిస్తే ఏ గ్రేడు ఎన్ని కిలోలు దిగిందో ఒకే ఎంట్రీలో రాయగలగాలి, పిక్కల నిల్వ తగ్గి పప్పు నిల్వ పెరగాలి. ఇది లేకపోతే సీజన్ అయ్యాక లాభం ఎంతో ఎవరూ చెప్పలేరు.

విశాఖ షాపుకు సరుకు వేస్తే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం చొప్పున పడతాయి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం పంపితే, రాష్ట్రం దాటే సరుకుకు వేసే ఐజీఎస్టీ 5 శాతం. పార్టీ, అంటే కొనేవాళ్ల, ఖాతాలో రాష్ట్రం ఒడిశా అని పెట్టగానే బిల్లు దానంతటదే మారాలి. మన రాష్ట్రంలో సరుకుల వ్యాపారానికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెప్తారు. రాష్ట్రం దాటించి అమ్మేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉంటే అసలు దాటించకూడదు. బరంపురం పార్టీలు కావాలనుకుంటే ఈ సంగతి ఆడిటర్ గారితో ముందే మాట్లాడు. లెక్కలు ఆయన ఏ సాఫ్ట్‌వేర్ ఫైల్‌లో తీసుకుంటారో కూడా అప్పుడే అడిగెయ్.

నన్నడిగితే నీకు టాలీయే మంచిది. పైన చెప్పినవన్నీ అందులో చేయొచ్చు, నెట్ లేకపోయినా నడుస్తుంది, అది తెలిసిన పిల్లలు మన దగ్గర దొరుకుతారు. ఊళ్లో లేనప్పుడు కూడా ఫోన్‌లో లెక్కలు చూసుకోవాలంటే ఇంటర్నెట్‌లో నడిచే జోహో బుక్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఇదే వారం కాగితాలతో పరీక్షించు. ఖాతాబుక్ అనే ఫోన్ యాప్ బాకీలు గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది, చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జాల (ఖాతాల పుస్తకం) పని దానికి అప్పజెప్పకు.

ఏది కొన్నా లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి దించుకునే వీలుండాలి. వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు పుస్తకాలు దాచాలన్నది జీఎస్టీ చట్టం. చందా ఆపేసిన రోజున పాత లెక్కలు చేతికి రాకపోతే ఆ టెన్షన్ నీదే. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు కదా. అందుకే వారం వారం ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసి ఇంట్లో పెట్టు, ఇంకొకటి మెయిల్‌కు పంపుకో.

ఇంటికోసం గల్లాలోంచి తీసే ప్రతి రూపాయీ సొంతవాడకాల్లో రాయమ్మా, కూరగాయల డబ్బైనా సరే.

ఏప్రిల్ 1న మొదలుపెడితే పని తేలిక. మార్చి 31 సాయంత్రం పిక్కలు, పప్పు తూకం వేయించి, ఎవరు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి ఉంచు. నేను వచ్చి దగ్గరుండి ఎక్కిస్తాను.

మావయ్య