చుక్కి ‘వచ్చింది’ అంటే చిన్నచూపా?

సందేహం: మేము బెంగళూరు జయనగరంలో ఉంటున్నాం. పక్కింటి కన్నడిగులకు చుక్కి అనే ఆడకుక్క ఉంది. పొద్దున్నే మా గుమ్మంలో కూర్చుంటుంది. దోసె ముక్క పెట్టనిదే కదలదు. ‘చుక్కి వచ్చింది’ అని మేము అంటుంటే, తెలుగు కొద్దిగా తెలిసిన పక్కింటావిడ నొచ్చుకున్నారు. ‘మేము బందళు అంటాం. మీరు బంతు అన్నట్టు మాట్లాడతారేం?’ అని అడిగారు. అప్పటినుంచి మా అబ్బాయి పంతం పట్టి ‘చుక్కి వచ్చాడు’ అంటున్నాడు. ఏది సరి?

సమాధానం: మీ అబ్బాయి మనసు మంచిదే, మాటే తప్పింది. ‘వచ్చాడు’ అంటే చుక్కి మగకుక్క అయిపోతుంది గాని, దాని మర్యాదేమీ పెరగదు.

పక్కింటావిడ నొచ్చుకోవడంలో అర్థముంది. కన్నడంలో ఏకవచన క్రియకు మూడు రూపాలు. మగవాడైతే ‘బంద’, ఆడమనిషైతే ‘బందళు’, పశువో వస్తువో అయితే ‘బంతు’. తమిళంలోనూ అంతే: వందాన్, వందాళ్, వందదు. కుక్కను ‘బందళు’ అన్నారంటే దాన్ని పశువుల వరుసలోంచి లేపి ఇంటి ఆడపిల్లల సరసన కూర్చోబెట్టారన్నమాట. మనకున్నవి ‘వచ్చాడు’, ‘వచ్చింది’ రెండే. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది, బస్సూ వచ్చింది. చుక్కిని కొత్తగా ఎక్కడికీ లేపనక్కర్లేదు, మొదటినుంచీ అది మీ అమ్మగారి పక్కనే కూర్చుని ఉంది. (ఇది ఆడవారికి జరిగిన అన్యాయమని వాదించేవారున్నారు. ఆ తగవు ఇంకోసారి.)

సర్వనామం సంగతీ చెప్పాలి. కుక్కను ‘అది’ అంటే ఈసడింపుగా తోచవచ్చు. కాని కూతురి గురించి తల్లి ‘అది ఇంకా అన్నం తినలేదు’ అని బెంగపడినప్పుడు ఆ ‘అది’లో ఎంత చనువుందో తెలుగువారికి వేరే చెప్పాలా? ‘ఆమె తినలేదు’ అంటేనే ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది. చుక్కికీ ‘అది’ చాలు. ఇక దానితో నేరుగా మాట్లాడేటప్పుడు ఈ చిక్కే లేదు. ‘తిన్నావా?’ అన్న ప్రశ్నకు ఆడా మగా భేదం లేదు. ముద్దొస్తే ‘తిన్నావటే’ అనండి.

పక్కింటిది మగకుక్క అయి ఉంటే మీ అబ్బాయి వాదం కొంతవరకు నిలిచేది. ‘కుక్క వచ్చాడు’ ఎప్పటికీ తప్పే. కాని పేరు పెట్టి పిలుచుకునే రాజుగాడు ‘వచ్చాడు’ అంటే తప్పు పట్టనక్కర్లేదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) పశుపక్ష్యాదులను మహత్తుల్లో, అంటే ‘వచ్చాడు’ అనిపించుకునే పదాల్లో, చేర్చలేదు. అంతకు ముందే 1853లో వచ్చిన నీతిచంద్రికలో మాత్రం ఆయన పావురాల రాజును చిత్రగ్రీవుడన్నారు, ఎలుకను హిరణ్యకుడన్నారు. సూత్రం రాసిన చేతికే కథలో డువర్ణకం (పేరు చివరి ‘డు’) అవసరమైంది! అంతదాకా ఎందుకు, చెట్టుమీద కోతి ‘దూకింది’ అనే నోటితోనే హనుమంతుడు సముద్రం ‘దాటాడు’ అంటాం.

పక్కింటావిడ కోరుతున్న మర్యాద తెలుగులో దొరికేది బహువచనంలో. అక్కడ ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’ వైపు వెళ్లిపోతారు, కుక్కలు ‘వచ్చాయి’ దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి ఈసారి మీ అబ్బాయి చుక్కిని పార్కుకు తీసుకెళ్లి తిరిగొచ్చినప్పుడు, ఆవిడకు వినబడేలా ‘మావాడూ చుక్కీ వచ్చారు’ అనండి.