పలకని మనిషి కనిపిస్తే ముందు ఊపిరి చూడు

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్లో బస్టాండ్లో ఎవరో పలక్కుండా పడిపోయిన సంగతి చెప్పావు చూడు, అంతమంది మూగి మొహాన నీళ్ళు చల్లడమే గానీ ఊపిరి ఉందో లేదో ఒక్కళ్ళూ చూడలేదని, నీకూ ఏం తోచలేదని, అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి సొంత మేనల్లుడికి ఇది నేర్పలేదే అని బాధగా ఉంది. ఓపిగ్గా చదువు.

పరిగెత్తే ముందు చుట్టూ చూడు. పొలంలో మోటర్ దగ్గర పడిపోయినవాడైతే ఫ్యూజు పీకేదాకా ముట్టుకోవద్దు, కరెంటు నిన్నూ పట్టేస్తుంది.

తర్వాత రెండు భుజాలూ తట్టి గట్టిగా పిలువు. కళ్ళు తెరవలేదు, మూలగనైనా లేదు అంటే స్పృహ లేనట్టే. అప్పుడు ఒకణ్ణి చూపించి "ఎర్రచొక్కా అన్నా, 108కి కొట్టు" అను, ఊరికే ఎవరైనా చెయ్యండి అంటే ఎవరూ చెయ్యరు. ఒక్కడివే ఉంటే నువ్వే చేసి స్పీకర్లో పెట్టు.

ఇప్పుడు అసలుది. నుదుటి మీద చెయ్యి పెట్టి తల కాస్త వెనక్కి వంచి గడ్డం పైకెత్తు, లేకపోతే నాలుక జారి గొంతు మూసుకుపోతుంది. నీ చెవి వాళ్ళ ముక్కు దగ్గర, కళ్ళు ఛాతీ మీద. పది సెకన్లు, అంతే. నాడి కోసం వెతుకుతూ కూర్చోకు, ఆ కంగారులో నీ నాడే నీకు తగుల్తుంది.

మా చుట్టాల పెళ్ళిలో ఒక పెద్దాయన కుర్చీలోనే ఒరిగిపోయాడు, నేను వంటల దగ్గర ఉండి వచ్చేసరికి ఐదు నిమిషాలు దాటింది, అందరూ "గురక పెడుతున్నాడు, పడుకోనివ్వండి" అంటున్నారు. అది గురక కాదురా, ఎగశ్వాస. గట్టున పడ్డ చేపలా నోరు తెరుస్తూ అప్పుడొకటి అప్పుడొకటి లాగుతారు, గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందికి అలాగే వస్తుంది. దాన్ని ఊపిరి అనుకున్నారు, ఆయన దక్కలేదు. నాకు ఇప్పటికీ ఆ కుర్చీ కళ్ళల్లో మెదుల్తుంది.

ఊపిరి లేకపోయినా, ఎగశ్వాస అయినా, డౌటున్నా సరే, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో చేతి మీద చెయ్యి వేసి నొక్కు, పెద్దవాళ్ళకైతే రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. అలిసిపోతే పక్కవాడికి ఇవ్వు.

ఊపిరి మామూలుగానే ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టు, వాంతయినా బయటికి పోతుంది, కానీ వదిలేసి వెళ్ళకు. నీళ్ళు, సోడా, పంచదార ఏదీ నోట్లో పొయ్యనివ్వకు, సుగర్ పేషెంటైనా సరే. ఫిట్సని చేతిలో తాళాలు పెట్టేవాళ్ళుంటారు, దానివల్ల ఏ ఉపయోగం లేదు.

యాక్సిడెంటైతే పోలీసు గొడవని వెనక్కి తగ్గకు, సాయం చేసినవాళ్ళకి రక్షణ 2019లో మోటారు వాహనాల చట్టంలోనే పెట్టారు.

దసరాకి వస్తావుగా, దిండు మీద నొక్కించి చూస్తా. మీ అమ్మని కూడా తీసుకురా, తనకీ రావాలి.

మీ అత్తయ్య