గెస్టులుగా పంపిస్తానంటున్న ‘మెంబర్’ గారికి ముందే డబ్బు పంపవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నమస్తే. మేం నలుగురు స్నేహితులం, వచ్చే నెల ట్రిప్‌కి వెళ్తున్నాం. గోల్ఫ్ ఆడటానికి మాకు దొరికేది ఒక్క ఉదయమే. మూడు ప్రైవేట్ గోల్ఫ్ కోర్సులు (మైదానాలు) అనుకున్నాం. మొదటిదానికి మా క్లబ్‌తో అఫిలియేషన్ ఉంది. రెండోది చాలా పేరున్నది, బయటివాళ్లకి బుకింగ్ ఇవ్వరు. కానీ ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకాయన తాను అక్కడ మెంబర్‌నని, మమ్మల్ని గెస్టులుగా పంపిస్తానని, నలుగురి డబ్బూ ముందే తన ఖాతాకి వేయమని అంటున్నారు. మూడోది విజిటర్లకి వెబ్‌సైట్‌లోనే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఇస్తుంది, అయితే కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరట. మావాళ్లందరికీ రెండోదాని మీదే మనసు. ఏదైనా తేడా వస్తే చట్టం మా వైపు ఉంటుందా? ఆడే ముందు సంతకం పెట్టించుకునే ఫారాల గురించి కూడా చెప్పండి.

జవాబు: ముందు రెండో కోర్సు కోసం ఆయనకి డబ్బు పంపడం ఆపండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఈపాటికే పంపి ఉంటే మాత్రం ఆయనతో జరిగిన మెసేజ్‌లన్నీ, చెల్లింపు రసీదుతో సహా ఇవాళే భద్రపరచుకోండి.

ఎందుకంటున్నానంటే, కోర్సు ఎంచుకునేటప్పుడు అందరూ గ్రీన్లు (బంతిని వేయాల్సిన గుంత చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి) ఎలా ఉంటాయి, ఎవరు డిజైన్ చేశారు, అక్కడ ఏ టోర్నమెంట్లు జరిగాయి అని చూస్తారు. ఆడటానికే కదా వెళ్లేది, అందులో తప్పేం లేదు. నేను చూసేది మాత్రం వేరు. గేటు దగ్గర ఎవరైనా మిమ్మల్ని ఆపి “మీరెవరు?” అని అడిగితే, లోపలికి రావడానికి మీకు అనుమతి ఎవరు ఇచ్చారని చెప్తారు? క్లబ్బే ఇచ్చిందని చెప్పగలిగితే మీకూ క్లబ్‌కీ మధ్య ఒప్పందం ఉన్నట్టు. ఇంకెవరో ఇచ్చారంటే క్లబ్‌తో మీకు ఏ ఒప్పందమూ లేదు, మీరు తేల్చుకోవాల్సింది ఆ ఇంకొకరితోనే. మీ మూడు కోర్సుల మధ్య అసలు తేడా అదే.

‘ప్రైవేట్’ అనే మాట దగ్గర కూడా చాలామంది పొరబడతారు. స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ పక్కా ప్రైవేట్ క్లబ్, అయినా వారంలో కొన్ని రోజులు విజిటర్లకి టీ టైమ్‌లు ఇస్తుంది. అమెరికాలో అగస్టా నేషనల్‌కి వెళ్తే మెంబర్ పిలిచి వెంట ఉంటే తప్ప ఆడనివ్వరు, ఎంత డబ్బు ఇస్తామన్నా అంతే. ఇక సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు పేరు వినగానే ఏదో మూసి ఉన్న క్లబ్ అనుకుంటారు గానీ, 1974లో చేసిన చట్టం ప్రకారం ఒక ట్రస్టు నడిపే పబ్లిక్ కోర్సు అది. అంటే పేరును బట్టి, ప్రతిష్ఠను బట్టి ఏమీ తేలదు. విజిటర్ల గురించి ఆ క్లబ్ తన నియమాల్లో ఏం రాసుకుందో చదవాలి.

ఇప్పుడు మీ రెండో కోర్సు సంగతి. మెంబర్ తీసుకొచ్చిన గెస్టుకి సొంతంగా హక్కు ఉండదు, ఆ మెంబర్‌కి ఉన్న హక్కులోంచి ఒక ముక్క తాత్కాలికంగా వస్తుంది, అంతే. అందుకే గెస్టు బిల్లుకీ, ప్రవర్తనకీ మెంబరే జవాబుదారీ. చాలా క్లబ్బుల్లో మెంబర్ కూడా కలిసి ఆడాలి లేదా కనీసం ఆ రోజు అక్కడ ఉండాలి, ఒక మెంబర్ ఇంతమందినే తీసుకురావచ్చనే పరిమితి ఉంటుంది, పోటీలున్న రోజు గెస్టులు ఉండరు. అన్నిటికన్నా ముఖ్యంగా, గెస్టు సౌకర్యాన్ని డబ్బుకి అమ్ముకోవడాన్ని చాలా క్లబ్బులు గట్టిగా నిషేధిస్తాయి, అది బయటపడితే మెంబర్‌షిప్పే పోవచ్చు.

కాబట్టి రెండే అవకాశాలు. ఆయన అసలు మెంబరే కాకపోతే అది మోసం. ఫిర్యాదు చేయవచ్చు, కానీ ముక్కూమొహం తెలియని మనిషి, వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉన్న ఖాతా, డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. ఆయన నిజంగానే మెంబర్ అయితే? అప్పుడు కూడా మీరు ఒడ్డున పడినట్టు కాదు. నియమాలకి విరుద్ధంగా వచ్చిన గెస్టుల్ని క్లబ్ లోపలికి రానివ్వకపోతే మీరు క్లబ్‌ని ఏమీ అనలేరు, ఎందుకంటే క్లబ్ మీ దగ్గర పైసా తీసుకోలేదు, మీకు ఏ మాటా ఇవ్వలేదు. నా దగ్గరికి వచ్చిన ఒక క్లయింట్‌కి ఇలాగే జరిగింది. టీ షీట్‌లో, అంటే ఆ రోజు ఆడేవాళ్ల జాబితాలో నిజంగానే పేర్లు ఉన్నాయి, కానీ రెండే ఉన్నాయి, ఒక మెంబర్‌కి ఇద్దరు గెస్టులే కాబట్టి. వెళ్లింది నలుగురు. ఇద్దరు ఆడితే ఇద్దరు పార్కింగ్‌లో కూర్చున్నారు, ఆ ఇద్దరి డబ్బు కోసం నోటీసుల మీద నోటీసులు పంపాల్సి వచ్చింది. ఎంతో ఆశగా వెళ్లినవాళ్లు అలా బయట కూర్చోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకో విషయం. టికెట్ కొన్నాం కదా, ఎలా బయటికి పంపుతారు అనుకుంటాం. 1845లో ఇంగ్లండ్‌లో ఇదే ప్రశ్న వచ్చింది, వుడ్ వర్సెస్ లెడ్‌బిట్టర్ కేసు. డాంకాస్టర్ గుర్రప్పందేలకి టికెట్ కొన్న మనిషిని బయటికి నెట్టేస్తే, స్థలం మీద ఇచ్చిన అనుమతిని యజమాని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కోర్టు అంది. తర్వాత వచ్చిన తీర్పులు ఆ మాటని చాలా మెత్తబరిచాయి, డబ్బు తీసుకుని అకారణంగా పంపేస్తే నష్టపరిహారం అడగవచ్చన్నాయి. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ పరిహారం కూడా ఒప్పందం చేసుకున్నవాళ్ల మధ్యనే. పైగా మీకు కావాల్సింది ఆ ఒక్క ఉదయం, దాన్ని ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

అయినా మీవాళ్ల మనసు అక్కడే ఉంది కాబట్టి, ఆయన్ని మూడు అడగండి. మీ నలుగురి పేర్లతో క్లబ్ సెక్రటరీ ఆఫీసు నుంచి నేరుగా మీకు మెయిల్ ఇప్పించగలరా? డబ్బు ఆ రోజు క్లబ్ కౌంటర్‌లోనే కట్టవచ్చా? ఆయన ఆ ఉదయం అక్కడ ఉంటారా? నిజంగా ఆతిథ్యం ఇవ్వాలనుకునే మెంబర్‌కి ఈ మూడూ పెద్ద కష్టమైన పనులు కావు. వాటిలో ఒక్కదానికైనా నసిగితే వదిలేయండి.

మొదటి కోర్సు విషయంలో నాకున్న భయం వేరు. అఫిలియేషన్ అంటే రెండు క్లబ్బుల మధ్య ఒప్పందం, అందులో మీరు పార్టీ కాదు. ఎదుటి క్లబ్ ఆ నెలలో విజిటర్లని ఆపేస్తే మీరు మీ క్లబ్‌ని అడగాలే తప్ప వాళ్లని నిలదీయలేరు. అంతకన్నా ముందు ఆ ఒప్పందంలో ఏముందో కనుక్కోండి. అఫిలియేషన్ అన్నంత మాత్రాన గోల్ఫ్ ఉంటుందని కాదు, కొన్ని ఒప్పందాలు గదులకీ భోజనానికీ మాత్రమే పరిమితం. మీరు ‘మా క్లబ్’ అన్నారు, మీ నలుగురూ ఆ క్లబ్ మెంబర్లేనా, లేక మీరొక్కరేనా? మీరొక్కరే అయితే మిగతా ముగ్గురూ అక్కడ గెస్టుకి గెస్టులు అవుతారు, దాన్ని చాలా చోట్ల ఒప్పుకోరు. నలుగురూ మెంబర్లే అయితే బకాయిలు లేవని, మెంబర్‌షిప్ నడుస్తోందని మీ క్లబ్ సెక్రటరీ నుంచి పరిచయ లేఖ తీసుకోండి. దాన్ని ముందే మెయిల్‌లో పంపించి, తేదీ, టీ టైమ్ రాతపూర్వకంగా ఖాయం చేయించుకోండి. అక్కడ బిల్లు కట్టకుండా వచ్చేస్తే అది మీ క్లబ్ ఖాతాలోకే వస్తుంది, మీ మెంబర్‌షిప్ మీదికి కూడా వస్తుంది.

మూడో కోర్సుని మీరు చిన్నచూపు చూశారు గానీ చట్టపరంగా మీకు గట్టి నేల అదే. క్లబ్ డబ్బు తీసుకుంటుంది, మీ పేరుతో సమయం ఇస్తుంది, రసీదు క్లబ్ పేరుతో ఉంటుంది. ‘డబ్బు తిరిగి ఇవ్వం’ అన్న షరతు మీరు రాకపోతే వర్తించేది. వాళ్లే కోర్సు మూసేస్తే సాధారణంగా అది వర్తించదు, ఎందుకంటే ఇస్తామన్నది వాళ్లు ఇవ్వలేదు. అయితే వాన పడుతున్నా కోర్సు తెరిచే ఉందని వాళ్లంటే, తడిసి ఆడాలా మానాలా అన్నది మీ ఇష్టం, డబ్బు మాత్రం పోతుంది. డబ్బుకి బదులు ఇంకో రోజు ఆడే కూపన్ ఇస్తామని రాసి ఉందేమో చూడండి, ట్రిప్‌లో ఉన్నవాళ్లకి అది ఎందుకూ పనికిరాదు. నలుగురిలో ఒకరు ఆఖరి నిమిషంలో రాలేకపోతే ఇంకొకరిని పెట్టుకోవచ్చా అన్నది కూడా బుక్ చేసే ముందే అడగాలి. క్రెడిట్ కార్డుతో కడితే, సేవ అందనప్పుడు బ్యాంకు ద్వారా వివాదం లేవనెత్తే దారి ఉంటుంది, నేరుగా ఖాతాకి పంపిన డబ్బుకి అలాంటి దారి సాధారణంగా దొరకదు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు, చాలామంది వాడుకోరు. గ్రీన్లకి ఏడాదిలో కొన్నిసార్లు ఏరేషన్ చేస్తారు, అంటే మట్టి గాలి పీల్చుకోవడానికి చిన్న చిన్న రంధ్రాలు పొడిచి ఇసుక నింపుతారు. ఆ తర్వాత కొన్ని రోజులు బంతి ఎగుడుదిగుడుగా పోతుంది. వెళ్లాక అది చూసి డబ్బు తిరిగి అడిగితే క్లబ్ ఇవ్వదు, కోర్సు తెరిచే ఉంది కదా అంటుంది. అదే బుకింగ్‌కి ముందు “ఈ తేదీకి దగ్గర్లో ఏరేషన్ ఉందా, తాత్కాలిక గ్రీన్లు వాడుతున్నారా?” అని మెయిల్‌లో అడిగి, లేదని జవాబు వచ్చాక డబ్బు కట్టారనుకోండి, ఆ జవాబు మీరు నమ్మి ఒప్పుకున్న హామీ అవుతుంది. అది తప్పని తేలితే మీ దగ్గర కేసు ఉంటుంది. ఒక్క మెయిల్‌తో అంత తేడా.

మీ వైపు నుంచి కూడా నిజాయితీ ఉండాలి. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే అంత బాగా ఆడతారని అర్థం. దాని సర్టిఫికెట్ అడిగితే ఉన్నది ఉన్నట్టు చూపించండి. 2020 నుంచి వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ అమల్లోకి వచ్చింది, అందులో గరిష్ఠం 54.0. కానీ ఏ క్లబ్ అయినా విజిటర్లకి అంతకన్నా తక్కువ పరిమితి పెట్టుకోవచ్చు. లేని హ్యాండిక్యాప్ ఉందని రాసి బుక్ చేస్తే, వాళ్లు పంపేసినా డబ్బు అడిగే నైతిక హక్కూ, చట్టపరమైన బలమూ రెండూ పోతాయి. బట్టల నియమాలు, ఫోన్ నియమాలు ముందే చదవండి. డబ్బు కట్టాక లాకర్ రూమ్ గోడ మీద చూపించిన షరతు మనల్ని కట్టేయదనే వాదన ఉంది, 1949లో ఇంగ్లండ్‌లో ఒక హోటల్ గది లోపల అంటించిన నోటీసు చెల్లదని కోర్టు తేల్చింది కూడా. కానీ ఆట మొదలయ్యే చోట నిలబడి ఆ తీర్పు వినిపిస్తే ఎవరూ వినరు.

ఇక మీరు అడిగిన ఫారాలు. “ఏం జరిగినా క్లబ్‌కి బాధ్యత లేదు” అని సంతకం పెట్టినంత మాత్రాన అన్ని దారులూ మూసుకుపోవు. ఉదాహరణకి బ్రిటన్‌లో, తన నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా గాయపడినా బాధ్యత లేదని వ్యాపార సంస్థ రాయించుకున్న షరతు చెల్లదు. అమెరికాలో రాష్ట్రానికో తీరుగా ఉంటుంది, కొన్ని చోట్ల అలాంటి ఫారం బాగానే నిలబడుతుంది. మామూలుగా కోర్సు ఎక్కడ ఉంటే అక్కడి చట్టమే వర్తిస్తుంది.

బంతి ఎవరికైనా తగిలితే? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2007లో చెప్పిందేమంటే, దారి తప్పిన బంతి గోల్ఫ్‌లో సహజమైన ప్రమాదమే, తోటి ఆటగాడు కావాలని కొడితేనో బొత్తిగా లెక్కలేకుండా ఆడితేనో బాధ్యుడు. స్కాట్లాండ్‌లో వేరేగా జరిగింది. నిడ్రీ కాజిల్ కోర్సులో బంతి తగిలి ఒక ఆటగాడికి కన్ను పోయింది. 2011లో కోర్టు కొట్టినాయన మీద 70 శాతం, క్లబ్ మీద 30 శాతం బాధ్యత వేసింది. 2013లో అప్పీల్ కోర్టు దాన్ని తిరగరాసి, హెచ్చరిక బోర్డులు పెట్టని క్లబ్ మీద 80 శాతం, ఆటగాడి మీద 20 శాతం వేసింది. ఆ 20 శాతం కూడా మామూలు మనిషికి చిన్న మొత్తం కాదు. కొత్త కోర్సులో ఏ ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డి దారి) దేని పక్కన ఉందో మీకు తెలియదు, ముందున్నవాళ్లు దూరంగా వెళ్లేదాకా ఆగండి, బంతి పక్కకి పోతే గట్టిగా “ఫోర్” అని అరవండి, గోల్ఫ్‌లో జాగ్రత్త అని హెచ్చరించే మాట అది.

నాకు నిజంగా భయం కలిగించేది బగ్గీ ఫారం, అంటే కోర్సులో తిరగడానికి ఇచ్చే చిన్న బండి కోసం సంతకం పెట్టేది. సంతకం పెట్టిన మనిషే మొత్తం నష్టం భరించాలని చాలాసార్లు అందులో ఉంటుంది, నడిపింది ఇంకొకరైనా సరే. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ కవర్ చేస్తుందనుకోకండి, మోటారు వాహనాల వల్ల ఇతరులకి కలిగే నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. పాలసీలో ఆ పేరా వెతికి చదవండి, లేదా నడిచి ఆడండి.

ఇవన్నీ చూస్తే నేనైతే మూడోది బుక్ చేస్తాను. నలుగురూ మీ క్లబ్ మెంబర్లే అయి, ఒప్పందంలో గోల్ఫ్ ఉండి, ఎదుటి క్లబ్ నుంచి మెయిల్ వస్తే మొదటిది కూడా అంతే భద్రం, అప్పుడు ఏ కోర్సు నచ్చితే అది ఆడండి. రెండోదానికి సెక్రటరీ ఆఫీసు నుంచి మెయిల్ ఏదైనా వస్తే డబ్బు కట్టకముందు నాకు పంపండి, అది వచ్చిన అడ్రసు క్లబ్‌దేనా, అందులో ఏం రాశారు అన్నది చూసి చెప్తాను.