వెర్డిక్కియో వైన్‌తో ఏయే వంటలు కుదురుతాయి?

మీ చెల్లెలు ఇటలీ నుంచి తెచ్చిన వెర్డిక్కియో సీసా తెరిచే రోజున ఏమి వండితే బాగుంటుందని అడిగారు. చదువు కోసం నేను రెండేళ్లు ఇటలీ తూర్పు తీరంలోని అంకోనా అనే ఊళ్లో ఉన్నాను. వెర్డిక్కియో అనే తెల్ల ద్రాక్ష పండే యేసి కొండలు అక్కడికి రైలులో అరగంట దూరం కాబట్టి, ఆ ఊళ్లో వైట్ వైన్ అంటే ఇంచుమించు ఇదే.

ముందుగా సీసా మీద ఊరి పేరు చూడండి. అంకోనా ఉన్న మార్కే ప్రాంతంలో ఈ వైన్ రెండు చోట్ల తయారవుతుంది. మాటెలికాకు 1967లోనూ, యేసి కొండల వైపున్న కాస్టెల్లి డి యేసికి 1968లోనూ డి.ఓ.సి. గుర్తింపు (వైన్ ఏ ప్రాంతానిదో, ఎలా చేయాలో చెప్పే ఇటలీ అధికారిక ముద్ర) లభించింది. రెండింటిలోనూ కనీసం 85 శాతం వెర్డిక్కియో ద్రాక్షే ఉండాలి. యేసి తోటలకు ఏడ్రియాటిక్ సముద్రపు గాలి తగులుతుంది. మాటెలికా కొండల నడుమ లోయలో ఉండి రాత్రుళ్లు బాగా చల్లబడుతుంది గనుక అక్కడి వైన్‌లో పులుపు మరికాస్త పదునుగా ఉంటుంది. సీసా నడుము సన్నగా, పాతకాలపు కూజాలా ఉంటే అది 1950లలో మొదలైన ఆకారం. చాలామంది దాన్ని సీసా అందం చూసే కొన్నారు, అందుకే ఈ వైన్‌కు చాలాకాలం చులకన తప్పలేదని నా అభిప్రాయం.

రుచిలో నిమ్మ, పచ్చి ఆపిల్ ముందుగా తెలుస్తాయి. మింగిన తరువాత నాలుక చివర చేదు బాదం లాంటి సన్నని చేదు నిలుస్తుంది. ఏ వంటకు పెట్టుకోవాలో నిర్ణయించేవి ఆ పులుపు, ఆ చేదూ. అవి నూనె జిడ్డును కోసేస్తాయి కాబట్టి వేపుళ్లకూ చేపలకూ ఇది చక్కగా అమరుతుంది.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు చలికాలంలో స్టోకాఫిస్సో వండేవారు. నార్వే నుంచి వచ్చే, కర్రలా బిగిసిన ఎండు కాడ్ చేపను రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, అడుగంటకుండా గిన్నె అడుగున రెల్లు కాడలు పరిచి, వాటిపై చేప, టమాటా, పైన లావుపాటి బంగాళాదుంప ముక్కలు పేర్చేవారు. ఆపైన మనం చూస్తే గుండె గుభేలుమనేంత ఆలివ్ నూనె, ఒక గ్లాసు వెర్డిక్కియో పోసి, రెండు గంటలకు పైగా సన్నని సెగ మీద ఉంచేవారు. మధ్యలో గరిటె పెట్టడానికి వీల్లేదు. ఒకసారి నేను కలపబోతే చేతి మీద చిన్న దెబ్బ పడింది! నూనెలో తేలే ఆ దుంప ముక్కను తిని ఒక గుక్క తాగితే నోరు కడిగినట్లయ్యి మళ్లీ ఆకలి వేసేది.

టమాటా, వెనిగర్ వేసి, లెక్క ప్రకారం 13 రకాల చేపలతో చేసే బ్రొడెట్టో అనే పులుసుకూ ఇదే తోడు. అదే ప్రాంతంలోని అస్కోలి అనే ఊరి వైపు ఆలివ్ కాయను కత్తితో మెలిక తిప్పుతూ గింజ నుంచి ఒలిచి, మాంసం కూరి, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయిస్తారు. వేడివేడిగా వాటితో తాగడం నాకు అన్నిటికన్నా ఇష్టం. రిజెర్వా అని రాసి ఉంటే అది కనీసం 18 నెలలు ఆగిన బరువైన వైన్ గనుక అడవి సోపుతో కాల్చిన కుందేలు మాంసానికి, మన దగ్గరైతే కారం తక్కువ వేసి కాల్చిన కోడికి తగుతుంది.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ వండిన చేపల పులుసుతో దీన్ని పోసుకున్నాను. చింతపండు పులుపు ముందు వైన్ నీళ్లలా చప్పబడింది, ఆల్కహాల్ తగిలి మిరపకారం మరింత మండింది. మరునాడు మిరియాలు, వెల్లుల్లి మాత్రమే వేసి వేయించిన వంజరం ముక్కలతో మిగిలిన సగం సీసా హాయిగా అయిపోయింది. కాబట్టి మీరు అలాంటి చేప వేపుడో, రొయ్యల వేపుడో చేయించండి. సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగి, సుమారు 10 డిగ్రీల వద్ద పోయండి. మరీ చల్లగా ఉంటే ఆ బాదం చేదు తెలియదు.